ఒక్క ఈత పిల్లలు

మార్చి 12, 2007, పినపాక

ఈ డైరీ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఇచ్చిపోయాడు. జనవరి నుంచి సొరుగులో పడి ఉంది. ఇవాళ ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

ఇప్పలగుంపు అనే గిరిజన పల్లెలో పదకొండు మగపందులకు విత్తులు తీశాను. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయింది. పట్టుకోవడానికి నలుగురు, కాళ్లు కట్టడానికి మా ఆసుపత్రి అటెండరు దూలయ్య, కత్తి పట్టడానికి నేను. వెటర్నరీ కాలేజీలో జెనెటిక్స్‌లో ఫస్ట్ వచ్చిన శ్యామల! తిరిగి వస్తుంటే బస్సులో నా పక్క సీటు పినపాక దాకా ఖాళీ. నిలబడి వెళ్లారు గానీ ఒక్కరూ కూర్చోలేదు. పంది మాంసం వండుకు తినేవాళ్లు కూడా పంది డాక్టరు పక్కన కూర్చోరు. ఏం మనుషులో.

అసలు కోపం అది కాదు. ఊళ్లో వాళ్ల మీద.

ప్రభుత్వ పథకం కింద ఉచితంగా ఇస్తున్నాం. పన్నెండు కుటుంబాలకు తలా ఒక ఆడపంది, ముప్పాతిక వంతు యార్క్‌షైర్ అనే తెల్ల సీమజాతి రక్తం ఉన్నది. ఊరంతటికీ కలిపి శుద్ధమైన యార్క్‌షైర్ మగపంది ఒకటి. నాటుపంది ఏడాదంతా తిరిగి తిన్నా ముప్పై కిలోలు దాటదు. ఈ తెల్లవి ఎనిమిది నెలల్లో ఎనభై దాటుతాయి. ఈతకు తొమ్మిది, పది పిల్లలు. ఒకటే షరతు, నాటు మగపంది ఒక్కటి కూడా ఊళ్లో మిగలకూడదు. మిగిలితే ఇంతా చేసి సంకరం మళ్లీ నాటు వైపే జారిపోతుంది. ఇది పుస్తకంలో ఉన్న మాట. నేను కల్పించింది కాదు.

భీమక్క అని ఒక ముసలామె. ఊళ్లో పందుల సంగతి ఏదైనా ఆమెనే అడుగుతారట. ఆమె పంది అందరికన్నా పెద్దది, నల్లగా, మెడ మీద ముళ్లలా వెంట్రుకలతో. దాని ముందు కూర్చుని లేవనంది.

"బిడ్డా, ఒక్క వారం ఆగు. గోదారవతల మా తమ్ముని ఊరున్నది. దీన్ని ఆడ ఇడిసొస్త. మా పోతు ఆళ్ల ఊరికి పోవుడు, ఆళ్ల పోతు మా ఊరికొచ్చుడు, మా అమ్మ నాటి నుంచి గట్లనే నడుస్తున్నది."

"వారం ఆగడానికి లేదవ్వా. పదిహేనో తారీకు లోపల అయిపోయిందని రిపోర్టు పంపాలి."

"పెద్దయినంక కొయ్యొద్దు బిడ్డా. పిల్లప్పుడు కొయ్యాలె. గింత పెద్దదాన్ని కోస్తె తట్టుకోదు."

నాకు చెబుతోంది! పెద్దవాటికి ఎలా చేయాలో నాకు తెలుసు. మత్తు ఇచ్చాను, కుట్టాను, పొడి చల్లాను. దూలయ్య మాత్రం కట్లు విప్పేటప్పుడు నా వైపు చూడలేదు. ఆమెతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఏమన్నావని అడిగితే, "ఏం లే మేడం, నీళ్లు పెట్టుమన్న" అన్నాడు.

నేను చేసింది శాస్త్రం ప్రకారమే.

మార్చి 20

భీమక్క పంది చచ్చిపోయిందని దూలయ్య చెప్పాడు. ఎండలు ముదిరాయి. ఎండ వల్ల. పుండు వల్ల కాదు.

జూన్ 14

పందులు వచ్చాయి. పన్నెండు ఆడవి, ఒక మగది. సర్టిఫికెట్లు సరిగ్గా ఉన్నాయి. దించుకున్నాం. వాన.

జులై 2

ఎంత బాగున్నాయో! వాటిని చూస్తుంటే నేను పడ్డ మాటలన్నీ మర్చిపోయాను. పొడుగాటి వీపు, నిటారు చెవులు, గులాబి రంగు చర్మం. జంపక్క వాళ్ల పంది ముందుగా ఎదకు వచ్చింది. ఇవాళే మగపందితో దాటించాం. మూడు నెలల మూడు వారాల మూడు రోజులు లెక్కేసి కేలెండరులో అక్టోబర్ ఇరవై నాలుగు చుట్టూ గీత గీశాను.

జంపక్క భీమక్క కోడలు. భర్త బొగ్గు గనుల దగ్గర లారీల మీద కూలికి పోతాడు. పందిని తనే చూసుకుంటుంది. వెదురు తడికలతో కొట్టం కట్టింది, దానికి పైన ఇప్పాకు కప్పింది. తెల్లతోలు ఎండకు కాలుతుందని నేను చెప్పిన ఒక్క మాటకు రోజుకు రెండుసార్లు వాగు నీళ్లు మోసి దాని మీద పోస్తోంది.

"మా పందులు ఆటంతటవే బతికేటియి మేడం. దీనికి సంటిపిల్ల లెక్క చెయ్యాలె" అని నవ్వింది.

"పిల్లలు పుట్టాక చూడు."

"అవ్, చూస్త. నువ్వు చెప్పినవని చేస్తున్న."

భీమక్క మాత్రం వాకిట్లో కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది. ఈ ముసలివాళ్లకు కొత్తది ఏదీ గిట్టదు.

అక్టోబర్ 24

సరిగ్గా లెక్క ప్రకారం ఈనింది. తొమ్మిది.

నాలుగు చచ్చి పుట్టాయి. ఒకదానికి మలద్వారమే లేదు. ఒకదానికి బొడ్డు దగ్గర పేగు సంచీలా బయటకు వచ్చి ఉంది. మిగిలిన మూడూ నిలబడలేక తల్లి రొమ్ముల దాకా పాకలేక ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. జంపక్క వాటిని ఒక్కొక్కటే ఎత్తి తల్లి దగ్గర పెడుతోంది. అవి మళ్లీ జారిపోతున్నాయి. మళ్లీ పెడుతోంది.

చచ్చినవాటిలో ఒకటి, బతికినవాటిలో ఒకటి నల్లవి.

నల్లవి! నాకు ఒళ్లు మండిపోయింది. తెలుపు నలుపును కప్పేసి పైకి కనిపించే గుణం. తండ్రి శుద్ధమైన యార్క్‌షైర్ అయితే తల్లి ఎలాంటిదైనా సరే ఒక్క నల్లపిల్ల పుట్టదు. పుట్టే వీల్లేదు. అంటే తండ్రి అది కాదు. ఎవరో నాటు మగపందిని దాచారు. ఎవరో ఏమిటి, ఆ ముసలామే.

భీమక్క వాకిట్లోకి వెళ్లి అరిచాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చేదాకా అరిచాను. "మీ బాగు కోసం చేస్తుంటే మీరే చెడగొట్టుకుంటారు. ఎక్కడ దాచావు దాన్ని? ఏ అడవిలో కట్టేశావు?"

ఆమె ఏమీ తడుముకోలేదు.

"దేన్ని దాస్త బిడ్డా? అన్నిట్ని నువ్వే కోసినవ్ కద."

జంపక్క కొట్టంలోంచి బయటకు రాలేదు.

అక్టోబర్ 27

మరో ఆరు పందులు ఈనాయి. ఏడింటికీ కలిపి మొత్తం అరవై ఒక్క పిల్లలు. బతికి పాలు తాగుతున్నవి ఇరవై రెండు. నల్లవీ, మచ్చలవీ కలిపి పద్నాలుగు. నేను ఇక అరవడం లేదు. ఒక్క దాచిన పంది ఏడు పందుల్ని దాటగలదా, అదీ ఊళ్లో ఎవరికీ కనబడకుండా? దాటగలదనే అనుకుంటున్నాను.

అక్టోబర్ 29

డివిజన్ నుంచి ప్రభాకర్ సార్ వచ్చారు. నా పై అధికారి. ఊళ్లోకి రాలేదు, ఆసుపత్రిలోనే కూర్చుని ఫోటోలు చూశారు. నల్లపిల్ల ఫోటో దగ్గర చాలాసేపు ఆగారు.

"అడవి ఎంత దూరం డాక్టర్, ఆ ఊరికి?"

"ఊరే అడవిలో ఉంది సార్."

"మరింకేం. అడవిపంది వచ్చి దాటింది. లబ్ధిదారులు కొట్టాల్లో పెట్టకుండా బయట వదిలారు. పిల్లలు చచ్చింది తిండి సరిగ్గా పెట్టక. రాసివ్వండి."

"వాళ్లు వదల్లేదు సార్. కొట్టాలు నేనే చూశాను."

"ఇరవై నాలుగ్గంటలూ చూశారా?"

లేదు. చూడలేదు. అది నిజమే.

అక్టోబర్ 31

రిపోర్టు ఇచ్చాను. 'అడవిపందితో సంపర్కం జరిగి ఉండే అవకాశం కలదు. సంరక్షణ లోపం కూడా కారణం కావచ్చును.' అవకాశం కలదు అన్నాను, జరిగింది అనలేదు. కావచ్చును అన్నాను. ఇందులో అబద్ధం లేదు.

నవంబర్ 4, ఆదివారం

ఒకేచోట కూర్చుని రాయలేకపోతున్నాను. లేచి తిరిగి మళ్లీ రాస్తున్నాను.

సెలవు రోజైనా ఇప్పలగుంపు వెళ్లాను. బతికిన పిల్లలకు ఇనుము సూది వేయాలి. భీమక్క జంపక్క కొట్టంలో కూర్చుని నల్లపిల్లకు మేకపాలు గుడ్డతో పిండుతోంది. నేను వెళ్లినా లేవలేదు.

"అడివిపంది అని రాసినవంట గద."

దూలయ్య వైపు చూశాను. అతను నేల చూశాడు.

"కావచ్చు అని రాశానవ్వా."

ఆమె పిల్లను తిప్పి వీపు నా వైపు పెట్టింది. "చూడు. అడివిపందికి పుడితె వీపు మీద చారలుంటయి, ఉడుత తీరు. మూడు నెల్లదాక పోవు. దీనికున్నయా? దేనికన్న ఉన్నయా? నువ్వు సదువుకున్నదానివి, నీకెరుక లేదా?"

తెలుసు. పరీక్షలో రాశాను కూడా. పద్నాలుగు నల్ల, మచ్చల పిల్లల్లో ఒక్కదాని వీపు మీదా చార లేదు. చార లేదన్న సంగతి నేను వారం రోజులుగా చూస్తూనే ఉన్నాను.

"మరి ఎవరికి పుట్టాయవ్వా?" ఈసారి నిజంగానే అడిగాను.

"నువ్వు తెచ్చిన పోతుకే పుట్టినయి. ఇంకేమున్నది ఊళ్లె? గిసుంటి పిల్లలు ఎప్పుడు పుడతయో నాకెరికే. తమ్ముడు అక్కను దాటితె పుడతయి. గందుకే గద మేము పోతుల్ని ఏరు దాటిస్తం."

మగపంది ఉన్న కొట్టానికి వెళ్లాను. ఊరంతటికీ ఒకటే కాబట్టి దాన్ని బడి వెనక కట్టారు. దూలయ్యతో చెవులు కడిగించాను. పుట్టిన మూడో రోజే ఫారాల్లో చెవుల అంచుల్ని కత్తిరించి గాట్లు పెడతారు. కుడి చెవి గాట్లు ఏ ఈతలో పుట్టిందో చెబుతాయి, ఎడమ చెవి గాట్లు ఆ ఈతలో ఎన్నోదో చెబుతాయి. బురద పోగానే కనిపించాయి. కుడి చెవికి పైన ఒకటి, కింద రెండు. ఒక్కో చోటి గాటుకు ఒక్కో విలువ, కలిపితే పదిహేడో ఈత.

తర్వాత ఇంటింటికీ తిరిగాం. పన్నెండు పందుల చెవులూ కడిగాం. అయిదింటికి కుడి చెవిన పైన ఒకటి, కింద రెండు. జంపక్క పందికి కూడా.

ఒకే తల్లి కడుపులో పక్కపక్కన పెరిగినవి. వేరే రాష్ట్రం నుంచి తెప్పించిన శుద్ధజాతి అని సర్టిఫికెట్ ఇచ్చిన మగపంది వాటి తోబుట్టువు. అది శుద్ధమైన యార్క్‌షైరే కాదు. పైకి తెలుపు, లోపల దాచిన నలుపు, ఆడవాటి లాగే. అందుకే నల్లవి పుట్టాయి. నేను చదివిన శాస్త్రంలో తప్పేం లేదు. నేను నమ్మిన కాగితంలో ఉంది.

దొంగలు. దొంగలు. వాళ్ల దిష్టిబొమ్మ చేసి ఊరేగించాలి.

నవంబర్ 8

దీపావళికి మా ఊరు తల్లాడ వచ్చాను. ఇంటికి కూడా వెళ్లకుండా బస్టాండు నుంచి ఆటో తీసుకుని నేరుగా ఫారానికి పోయాను. పందులు సరఫరా చేసిన వెంకటప్పయ్య గారిది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. మా నాన్నకు తెలుసు.

"రండమ్మా రండి. పండగపూట వచ్చారు, అరిసెలు తిందురు గాని."

"పదిహేడో ఈత రికార్డు చూపించండి."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నారు.

"ఏవండీ, దాపరికమెందుకు. తెప్పించిన మగపంది మే నెల ఎండలకి పోయిందండి. ఇంకోటి తెప్పించాలంటే రెండు నెల్లు. మీ వాళ్లేమో జూన్ పదిహేనుకల్లా ఇచ్చెయ్యాలని ఒకటే ఫోన్లు. మా దొడ్లో బాగా ఒడ్డూ పొడుగూ ఉన్నదాన్ని చూసి పంపించాం."

"అక్కాచెల్లెళ్ల మీదికి తమ్ముణ్ణి పంపారు. మిగతా ఏడూ?"

"వేరే తల్లులవేనండి." అరిసెల పళ్లెం నా వైపు జరిపి, "తండ్రి ఒకటే లెండి."

"సర్టిఫికెట్ మీద అబద్ధం ఎలా రాశారు?"

"అడవిలో వాళ్లు పెంచేవి కదమ్మా. వాళ్లు జాతి చూస్తారా, మాంసం చూస్తారా? మీ ఆఫీసు వాళ్లు చూసుకునే దించుకున్నారు. అందులో మీ సంతకం కూడా ఉంది."

ఇంటికి వచ్చి తలంటి పోసుకున్నాను. అమ్మ ఎందుకంత రుద్దుకుంటున్నావని అడిగింది.

నవంబర్ 10

జూన్ 14 తీసి చదివాను. ఆ రోజు నేను రాసింది ఒకటిన్నర వరుస.

రాయనిది ఇది. లారీ వచ్చేసరికి వాన దంచుతోంది. జీపు దిగితే మోకాలు దాకా బురద. లారీలోంచి పారుతున్న మురికి వాసనకు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. చెవులు చూడాలంటే లారీ ఎక్కాలి, పదమూడింటి మధ్యకు దూరాలి. దూలయ్య జీపు అద్దం దగ్గరకు వచ్చి, "చెవులు చూస్తరా మేడం?" అని అడిగాడు. ఈ వానలో ఏం చూస్తాం, సర్టిఫికెట్ ఉందిగా అన్నాను. 'స్వయంగా పరీక్షించి, గుర్తులు సరిచూసుకొని స్వీకరించడమైనది' అన్న వరుస కింద, జీపులో కూర్చుని, అద్దం పైకెత్తుకుని, సంతకం పెట్టాను.

భీమక్క పంది ఎండ వల్ల చావలేదు. పుండు కుళ్లి, పురుగులు పట్టి చచ్చింది. ఎనిమిది రోజుల్లో నేను ఒక్కసారి కూడా చూడ్డానికి పోలేదు.

ప్రభాకర్ సార్‌కు ఫోన్ చేసి చెవుల సంగతి చెప్పాను. "ఆ మాట పైకి వస్తే ముందు పోయేది మీరు డాక్టర్. మీకింకా రెండేళ్లు కూడా కాలేదు. ఉద్యోగం పర్మనెంట్ అయిందా? లేదుగా. ఊరుకోండి" అన్నారు.

ఊరుకున్నాను.

నవంబర్ 12

జంపక్క వచ్చింది. ఇప్పలగుంపు నుంచి పినపాక దాకా నడిచి. చేతిలో మడతపెట్టిన కాగితం.

"పంచాయతీల ఇచ్చిన్రు మేడం. ఏం రాసిన్రో మాకు తెలుస్తలేదు. చదివి చెప్పు."

నోటీసు. పథకం షరతులు ఉల్లంఘించినందున పన్నెండు కుటుంబాలను జాబితా నుంచి తొలగిస్తున్నారు. బతికిన పందుల్ని, పిల్లల్ని వారం లోపల వెనక్కి అప్పగించాలి. దాణా ఆపేస్తారు. ఇకపై ఏ పశువుల పథకంలోనూ ఈ ఊరి పేరు తీసుకోరు.

చదివాను. ఆమె నిలబడే వింది.

"పందుల్ని తీసుకపోతరా?"

"అవును."

"మా పోతుల్ని కోసిన్రు. ఇయ్యి గూడ తీసుకపోతె ఊళ్లె పందిపిల్ల అనేదే పుట్టదు గద." కాగితం వైపు చూపిస్తూ, "ఏం తప్పు చేసినమని?" అంది.

కాగితంలో కారణం కూడా ఉంది. అది చదవలేదని ఆమె పట్టేసింది. "కింద ఇంకేమో రాసి ఉన్నది గద, గది చదువు."

చదివాను. 'సంరక్షణ లోపం.' నా మాటలు, నా వరుస, మార్చకుండా ఎత్తి రాశారు.

"అంటె?"

"అంటే... మీరు సరిగ్గా చూసుకోలేదని."

జంపక్క చేతులు చూశాను. నాలుగు నెలలు వాగు నీళ్లు మోసిన చేతులు. ఆమె ఏడవలేదు. అరవను కూడా లేదు.

"గిది ఎవరు రాసిన్రు?"

దూలయ్య మందుల బీరువా సర్దుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"నేనే."

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుంది. తాగడానికి నీళ్లిస్తే తీసుకోలేదు.

నవంబర్ 13

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాసి పంపాను. చెవి గాట్ల ఫోటోలు జతచేశాను. ఒక కాపీ జిల్లాకు కూడా. రిజిస్టర్డ్ పోస్టులో. రసీదు దూలయ్య జేబులో ఉంది.

నవంబర్ 19

విచారణ. ఇప్పలగుంపు బడి ముందర. ప్రభాకర్ సార్, వెంకటప్పయ్య గారు, జిల్లా నుంచి ఒకాయన. ఊరంతా వచ్చి నేల మీద కూర్చుంది.

ప్రభాకర్ సార్ నా రెండో కాగితం సంగతే ఎత్తలేదు. మొదటిదే చదివారు. తర్వాత గట్టిగా అడిగారు, "అడవిపంది ఊళ్లోకి వచ్చిందా, రాలేదా? అది చెప్పండి."

"వస్తె కుక్కలు ఊకుంటయా?" అంది భీమక్క. "వచ్చిన అడివిపందిని మేము ఊకుంటమా, తినకుంట?"

జనం నవ్వారు. సార్ నవ్వలేదు. "డాక్టర్ గారే రాశారమ్మా ఇది."

లేచి నిలబడ్డాను. దూలయ్య అప్పటికే మగపందిని తోలుకొచ్చి కూర్చున్న వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటున్నాడు. నేను చెప్పకుండానే.

"వెంకటప్పయ్య గారూ, ఈ కుడి చెవి గాట్లు చదవండి. పెట్టించింది మీరే కదా."

"ఇప్పుడివన్నీ ఎందుకమ్మా..."

"చదవండి."

జిల్లా ఆయన కూడా చదవమన్నారు. వెంకటప్పయ్య గారు కళ్లజోడు సర్దుకుని, "పదిహేడు" అన్నారు. జంపక్క పందిని తెచ్చారు. "పదిహేడు." మూడోది తెచ్చారు. ఆయన చదవలేదు. జిల్లా ఆయనే వంగి వేలితో లెక్కపెట్టుకున్నారు.

అప్పుడు ప్రభాకర్ సార్ నా వైపు తిరిగారు. ఆయన ఆ ప్రశ్న ఎప్పుడడుగుతారా అని నేనూ ఎదురుచూస్తున్నాను.

"మరి దించుకున్నప్పుడు మీరు చూడలేదా డాక్టర్?"

"చూడలేదు సార్. జీపులో కూర్చుని సంతకం పెట్టాను."

దూలయ్య ఆ మాటను వాళ్ల భాషలో చెప్పాడు. చాలామందికి తెలుగులోనే అర్థమైంది, అయినా చెప్పాడు. జంపక్క లేచింది.

"మా మీద రాసినవ్. నీ మీద నువ్వు ఎందుకు రాసుకోలే?"

ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే ఆమెకు అర్థమవుతుంది, అందుకే చెప్పలేదు. అర్థం చేసుకోవాల్సిన పని ఆమెకు లేదు.

నోటీసు రద్దు చేశారు. పందులు ఊళ్లోనే ఉంటాయి. మగపందిని ఫారం వెనక్కి తీసుకోవాలి, ఫారం మీద వేరే విచారణ. వెంకటప్పయ్య గారు కారెక్కుతూ, "మీ నాన్నగారి ముఖం చూసి ఊరుకుంటున్నా" అన్నారు. ఆయన ఊరుకుంటున్నారట! దేనికి?

నవంబర్ 22

ఇంత జరిగాక వెంకటప్పయ్య గారి ఫారం నుంచే ఇంకో మగపంది పంపిస్తామని ఆఫీసు నుంచి కబురు. ఈసారి చెవులు చూసి దించుకోవాలట. పంపితే నేనే లారీకి అడ్డం పడుకుంటానని ఫోన్లో చెప్పాను. ఫోన్ పెట్టేశారు.

డిసెంబర్ 3

మెమో వచ్చింది. 'జంతువులను స్వీకరించే సమయంలో స్వయంగా పరీక్షించకపోవడానికి గల కారణాలను ఏడు రోజులలోగా తెలియజేయవలెను.'

మొదట ఒక పేజీ రాశాను. వాతావరణం, సిబ్బంది కొరత, మూడు మండలాలకు ఒకే డాక్టరు, ఫారం మోసం. ఒక్కటీ అబద్ధం కాదు. చదువుకుంటుంటే మళ్లీ 'కావచ్చును' వాసన వచ్చింది. చించేశాను. రెండోది అరపేజీ. అదీ చించాను.

చివరకు పంపింది ఇదీ: 'వానలో బురదలోకి దిగడం ఇష్టం లేక చూడలేదు.'

డిసెంబర్ 11

బదిలీ ఉత్తర్వు. జూలూరుపాడు వైపు. ఒక ఇంక్రిమెంటు కోత. ప్రభాకర్ సార్‌కు ఏమీ కాలేదు. ఆయన ఫోటోల దగ్గరే కూర్చున్నారు కదా, ఏ చెవీ చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. రాస్తుంటే పళ్లు కొరుకుతున్నాను.

చెప్పి రావాలని ఇప్పలగుంపు పోయాను. భీమక్క, జంపక్క అప్పుడే పడవ దిగి వచ్చారట. వాకిట్లో బుట్ట, బుట్టలో నల్లటి మగపిల్ల. రెండు నెలలది. గోదావరి అవతల భీమక్క తమ్ముడి ఊరి నుంచి.

"పది పిల్లల్లో దీన్నే ఎలా ఏరుకున్నావవ్వా?"

జవాబిస్తుందనుకోలేదు. ఇచ్చింది.

"తల్లి ముందటి రొమ్ము పట్టినదాన్నే తేవాలె. అన్నిట్ని నూకి అది ముందటికి పోతది. పాలు ఆన్నే ఎక్కువుంటయి. మల్ల, తల్లి చూడాలె. ఈని పిల్లల మీద పండుకునేదాని పిల్లను తేవద్దు. మల్ల, దాని తాతది మా ఊరిదా కాదా చూడాలె. మా ఊరిదైతె ఇంకో ఊరికి పోవాలె."

కాలేజీలో ఏళ్లపాటు చదివిన ఎంపిక పద్ధతులు ఆమె అయిదు మాటల్లో చెప్పేసింది. తెల్ల ఆడపందులు మంచివేనంది, వాటిని వదలదట. ఈ పోతు పెరిగాక వాటికే కడుతుందట. "సగం బలం ఆటిది, సగం ఓపిక దీనిది" అంది. నేను రాయాల్సిన పథకం అది.

బదిలీ అయిందని చెప్పాను. జంపక్క బుట్టలోకి చూస్తూ ఉండిపోయింది. పిల్ల కాలు చాపితే లోపలికి సర్దింది. నా వైపు చూడలేదు. చూడమని నేనూ అడగలేదు.

"పోతె పో బిడ్డా" అంది భీమక్క. "నీ జాగల ఇంకొకరొస్తరు. ఆళ్లకు మమ్ములను అడిగి కొయ్యుమని చెప్పు."

క్షమించానని అనలేదు. ఆ మాట కోసమే పోయానని తిరిగొచ్చేటప్పుడు దారిలో తెలిసింది.

డిసెంబర్ 14

చార్జి అప్పగించాను. కొత్తగా వచ్చినతని పేరు అనిల్‌కుమార్. కొత్త ఉద్యోగం, కొత్త బ్యాగు. అప్పగింత జాబితా మూడు పేజీలు రాశాను. ఫ్రిజ్ ఒకటి, మైక్రోస్కోపు ఒకటి, కత్తెరలు ఆరు, విత్తులు తీసే పరికరం రెండు. చివరన ఇంకొక వరుస చేర్చాను: 'ఇప్పలగుంపులో ఏ మగపందికైనా కత్తి పెట్టే ముందు భీమక్కను అడగవలెను.'

కాపీ డివిజన్‌కు ఫ్యాక్స్ చేసిన గంటకు ఫోన్. ఆ వరుస కొట్టేయమన్నారు. అది ఆఫీసు కాగితం, పల్లె పంచాయితీ కాదన్నారు. కొట్టేయనని చెప్పాను. అరిచారు. అరవనిచ్చాను. నా దగ్గర తీసుకోవడానికి వాళ్లకింకేం మిగల్లేదు. కొత్తతనికీ చెప్పాను, కావాలంటే సంతకం పెట్టాక మీరు కొట్టేసుకోవచ్చు, నా చేత్తో మాత్రం కొట్టను అని.

అతను మూడు పేజీలూ చదివాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. తల గోక్కున్నాడు.

"ఈ భీమక్క ఇల్లెక్కడ మేడం?"

జూలూరుపాడు వెళ్లే బస్సుకు ఇంకా రెండు గంటల టైముంది. దూలయ్యను జీపు తీయమన్నాను.